రాక్ ఒపేరా పాటలతో లైవ్ కచేరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్లో ఉన్న గాయకులు, గిటారిస్టులు, డ్రమ్మర్లు కలిసి ఒక రాక్ ఒపేరాను వేదిక మీద పాడాలనుకున్నప్పుడు వచ్చే సందేహాలివి. కొన్నిటికి రెండు మాటలు చాలు. హక్కులు, గాయకుల ఎంపిక, సౌండ్ గురించి మాత్రం వివరంగా రాశాను. కచేరీ నిలబడేదీ దెబ్బతినేదీ ఎక్కువగా ఆ మూడు చోట్లే.

రాక్ ఒపేరా అంటే ఏమిటి?

రాక్ సంగీతంలో, పాత్రలతో, ఒకే కథను పాటల్లోనే మొదటి నుంచి చివరి దాకా చెప్పే రచన. మధ్యలో సంభాషణలు ఉండవు, ఉన్నా చాలా తక్కువ. ప్రెటీ థింగ్స్ బృందం 1968లో తెచ్చిన 'ఎస్.ఎఫ్. సారో' ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి. 1969లో ద హూ బృందం విడుదల చేసిన 'టామీ'తో ఈ పేరు అందరి నోళ్లలో పడింది. 1970లో 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్', 1973లో మళ్లీ ద హూ వాళ్లదే 'క్వాడ్రఫీనియా', 1979లో పింక్ ఫ్లాయిడ్ 'ద వాల్' వచ్చాయి.

వీటిలో చాలా వరకు ముందు రికార్డులుగా పుట్టాయి. నాటకశాలల సంగతి తర్వాత. 'సూపర్‌స్టార్'ని రంగస్థలం మీదికి తేవడానికి నిర్మాతలు ముందుకు రాకపోవడంతో సంగీతం కట్టిన ఆండ్రూ లాయిడ్ వెబర్, పాటలు రాసిన టిమ్ రైస్ దాన్ని ముందు ఆల్బంగా చేశారు. న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల ప్రాంతమైన బ్రాడ్‌వేలో ప్రదర్శన 1971లో మొదలైంది. 'టామీ' బ్రాడ్‌వే చేరేసరికి 1993 అయింది. అందుకే సెట్టింగులు లేకుండా మైకుల ముందు నిలబడి పాడటాన్ని నాటకానికి చవక నకలు అనుకోకండి. ఈ రచనలు పుట్టిన రూపానికి కచేరీయే దగ్గర.

కాన్సెప్ట్ ఆల్బం, రాక్ మ్యూజికల్ కూడా ఇవేనా?

దగ్గరి చుట్టాలు. కాన్సెప్ట్ ఆల్బంలో ఒక భావం ఉంటే చాలు, పాత్రలు ఉండాలని లేదు. రాక్ మ్యూజికల్‌లో పాటల మధ్య సంభాషణలు నడుస్తాయి. 1968లో బ్రాడ్‌వేకి వచ్చిన 'హెయిర్' అలాంటిది. మీ పనికి ఒక్క పరీక్ష సరిపోతుంది: ప్రతి పాట దగ్గరా 'ఇది ఎవరు, ఎవరితో అంటున్నారు?' అని అడగండి. వెంటనే జవాబు దొరికితే ఆ రచన ఈ రకం కచేరీకి పనికొస్తుంది.

మొత్తం కథ పాడాలా, మంచి పాటలు ఏరుకుని పాడాలా?

మొదటి కచేరీ అయితే ఏరుకోవడమే మేలని నా అభిప్రాయం. 'ద వాల్' దాదాపు 80 నిమిషాలు, 'సూపర్‌స్టార్' ఇంకాస్త ఎక్కువ. అంతసేపు ఆగకుండా వాయించడానికి కావాల్సిన ఓపిక కొత్త బృందానికి ఒక్కసారిగా రాదు. అయితే ఏరడం అంటే అందరికీ తెలిసిన పాటల్ని వరసగా పేర్చడం కాదు. రెండు మూడు రచనలు తీసుకుని, ఒక్కోదాని నుంచి ఒక పాత్ర ప్రయాణం అర్థమయ్యేలా మూడు నాలుగు పాటలు ఎంచుకోండి. అప్పుడు ప్రేక్షకులకు మనుషులు గుర్తుంటారు.

అనుమతులు కావాలా? మేం చిన్న బృందమే కదా.

కావాలి. బృందం చిన్నదా పెద్దదా, టికెట్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి అవసరం పోతుందని అనుకోవద్దు.

పాటను మామూలు కచేరీలో పాడే హక్కు వేరు, దాన్ని నాటకంగా ప్రదర్శించే హక్కు వేరు. మొదటిది సాధారణంగా, పాటలు రాసినవాళ్ల తరఫున లైసెన్సులిచ్చే హక్కుల సంఘాల ద్వారా దొరుకుతుంది. ఇండియాలో ఐపీఆర్‌ఎస్, బ్రిటన్‌లో పీఆర్‌ఎస్, అమెరికాలో ఆస్కాప్, బీఎంఐ అలాంటివి. చాలా హాళ్లకు ఈ లైసెన్సు ముందే ఉంటుంది, అడిగి కాగితం చూడండి. రెండోదాన్ని గ్రాండ్ రైట్స్ అంటారు. అది ఈ సంఘాల దగ్గర దొరకదు. హక్కుదారునో, వాళ్ల తరఫున లైసెన్సులిచ్చే రంగస్థల సంస్థనో నేరుగా అడగాలి. రంగస్థల 'టామీ' లైసెన్సులు మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్, 'సూపర్‌స్టార్'వి కాంకర్డ్ థియేట్రికల్స్ చూస్తాయి.

'మేం దుస్తులు వేసుకోవడం లేదు, సెట్టింగులు పెట్టడం లేదు, కాబట్టి ఇది నాటకం కాదు' అన్న వాదన చాలామంది నోట వింటాను. ఆ వాదన పాతదే, కోర్టులో ఓడిపోయింది కూడా. 'సూపర్‌స్టార్' ఆల్బం వచ్చిన కొత్తలో అమెరికాలో ఒక బృందం అందులోని 23 పాటల్లో 20 పాటల్ని, దాదాపు అదే వరసలో, కచేరీ పేరుతో పాడింది. దుస్తులూ సెట్టింగులూ లేవు. గాయకులు మాత్రం పాత్రలుగా వచ్చి పాడి వెళ్లేవారు. 1972లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు దాన్ని నాటక ప్రదర్శనగానే చూసింది, ఆస్కాప్ లైసెన్సు దానికి సరిపోదని చెప్పింది. కథ వరసలో, పాత్రలుగా పాడితే కథ చెప్పినట్టే.

ఇది అమెరికా తీర్పు. గీత ఎక్కడ పడుతుందో ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. అయినా ఆలోచించే పద్ధతి ఎక్కడైనా పనికొస్తుంది. మీరు మూడు రచనల నుంచి కొన్ని పాటలు పాడితే మామూలు కచేరీ లైసెన్సుతో గడిచే అవకాశం ఎక్కువ. ఒకే రచనను మొదటి నుంచి చివరి దాకా పాడాలంటే గ్రాండ్ రైట్స్ కావాలనే అనుకుని ముందుగా ఉత్తరం రాయండి. హాలు బుక్ చేశాక కాదు, చేయకముందు. జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి కుదరదనీ అంటారు. పెద్ద బృందం ఏదైనా ఆ ప్రాంతంలో అదే రచనతో పర్యటిస్తుంటే చిన్నవాళ్లకు లైసెన్సు ఆపడం మామూలే.

పాటల్ని తెలుగులోకి మార్చి పాడొచ్చా?

అనువాదం కూడా హక్కుదారు చేతిలోని హక్కే. రాతపూర్వక అనుమతి లేకుండా వద్దు. పాట మొదలయ్యే ముందు దాని సందర్భాన్ని తెలుగులో మీ మాటల్లో చెప్పడం తేలిక, చాలాసార్లు అదే చాలు.

బ్యాండ్‌లో ఎంతమంది ఉండాలి?

ద హూ వాళ్లు 'టామీ'ని వేదిక మీద నలుగురే నడిపించారు: గొంతు, గిటారు, బేస్, డ్రమ్స్. ఆల్బంలోని కొన్ని పాటల్ని వదిలేసి, మిగతావాటిని ఆ నలుగురికి సరిపడేలా మలుచుకున్నారు. 'సూపర్‌స్టార్' లాంటిదానికి అలా కుదరదు, అందులో ఆర్కెస్ట్రా కూడా ఒక భాగం.

రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్, రెండు కీబోర్డులు ఉంటే చాలా రచనలు పాడొచ్చు. ఒక కీబోర్డు పియానో, ఆర్గాన్ చూసుకుంటుంది. రెండోది తీగవాద్యాల స్వరాలూ, బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఊదే ఇత్తడి వాద్యాల) స్వరాలూ ఇస్తుంది. ఒక్క ట్రంపెటో సాక్సఫోనో అసలుది దొరికితే తప్పకుండా తెచ్చుకోండి. కీబోర్డులో వచ్చే బ్రాస్ గుంపు వెనక ఒక్క నిజమైన ఊపిరి చేరితే మొత్తం ధ్వనే మారిపోతుంది. ముందే రికార్డు చేసిన ట్రాకులు వాడొద్దని నేను గట్టిగా చెబుతాను. పాత్ర ఒక మాట దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోవాలనుకుంటే ట్రాక్ ఆగదు, మనిషి ఆగుతాడు.

గాయకుల్ని ఎలా ఎంచుకోవాలి?

పాత్రను బట్టి. అందరికన్నా పై స్వరం అందుకునేవాళ్లకు ప్రధాన పాత్ర ఇచ్చేయడం తరచూ జరుగుతుంది. మామూలు రాక్ కచేరీలో గాయకుడు తనకోసం పాడతాడు, పదాలు సగం మింగినా జనం కలిసి పాడేస్తారు. ఇక్కడ అలా కాదు. కథ అంతా ఆ పదాల్లోనే ఉంది. ఒక చరణం అర్థం కాకపోతే ప్రేక్షకుడు తర్వాతి పాట కూడా కోల్పోతాడు.

అందుకే ఆడిషన్‌లో రెండు పనులు చేయించండి. ఒకటి, పాటను పాడకుండా, లయ లేకుండా, ఎదుటి మనిషితో అన్నట్టు చదివించండి. ఎవరితో మాట్లాడుతున్నారో, ఏం కావాలని అడుగుతున్నారో వాళ్లకు తెలుసా లేదా అన్నది అక్కడే బయటపడుతుంది. రెండు, అదే చరణాన్ని బ్యాండ్ పూర్తి ధ్వనితో వాయిస్తుండగా పాడించండి. పాట తెలియని ఒక మనిషిని హాలు చివర కూర్చోబెట్టి, ఏం వినబడిందో రాయమనండి. ఆ కాగితమే మీకు సరైన తీర్పు ఇస్తుంది.

గొంతుల్లో తేడా ఉండాలి. రెండు ప్రధాన పాత్రల గొంతులు ఒకేలా ఉంటే కళ్లు మూసుకున్నవాళ్లకు ఎవరెవరో తెలియదు. 1970 నాటి 'సూపర్‌స్టార్' ఆల్బంలో డీప్ పర్పుల్ గాయకుడు ఇయాన్ గిలన్ యేసుగా, మరే హెడ్ యూదాగా, ఇవాన్ ఎలిమన్ మగ్దలేనే మరియగా పాడారు. ఆ మూడు గొంతుల్నీ మొదటి వాక్యంలోనే వేరుచేయగలం. కోరస్‌కి కనీసం నలుగురు ఉంటే గుంపు గుంపులా వినిపిస్తుంది.

శ్రుతి దించి పాడితే తప్పా?

కాదు, దించండి. 'సూపర్‌స్టార్'లోని 'గెత్సమనే' పాటలో గిలన్ కేకగా అందుకున్న జి స్వరం మధ్య స్థాయి సి నుంచి ఒక స్థాయి దాటి ఇంకో పంచమం పైన ఉంటుంది. అది అందరికీ రాదు, రానక్కర్లేదు. స్వరం దగ్గర భయపడే గాయకుడు దానికి ముందున్న నాలుగు వాక్యాల్లోనూ నటించలేడు, ఆ భయమే పాడుతుంది. ఒక స్వరమో రెండు స్వరాలో దించి నిబ్బరంగా పాడించండి. గ్రాండ్ రైట్స్ కింద పాడుతుంటే ఒప్పందం ఎలాంటి మార్పుల్ని ఒప్పుకుంటుందో ఒకసారి చదువుకోండి. ఆడపాత్రను మగవారికో, మగపాత్రను ఆడవారికో ఇవ్వాలన్నా అంతే.

శ్రుతి మార్పు మొదటి రిహార్సల్‌కి ముందే ఖాయం కావాలి. గిటారు వాయించేవాళ్ల ఖాళీ తీగల రిఫ్‌లు (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వర వరసలు) కొత్త శ్రుతిలో పనిచేయకపోవచ్చు.

మాలో సగం మందికి స్వరలిపి చదవడం రాదు. పర్లేదా?

పర్లేదు. పదాలు, కార్డ్స్ (ఒకేసారి వాయించే స్వరాల గుంపులు), ఎన్ని బార్లు (లయ ఆవృత్తాలు), ఎక్కడ ఆగాలి, ఎవరి సైగతో మళ్లీ మొదలవ్వాలి అన్న వివరాలతో ఒక్కో పాటకు ఒక్క పేజీ తయారు చేయండి. అందరి దగ్గరా అదే పేజీ ఉండాలి. బ్రాస్, తీగవాద్యాలు వాయించేవాళ్లకు మాత్రం పూర్తి స్వరలిపి ఇవ్వాల్సిందే.

లయలు ఎందుకంత కష్టంగా ఉంటాయి?

కథ అడుగుతుంది కాబట్టి. 'సూపర్‌స్టార్'లోని 'ఎవ్రీథింగ్స్ ఆల్‌రైట్' ఐదు దెబ్బల లయలో నడుస్తుంది. అందులోనే దేవాలయంలో వ్యాపారుల పాట ఏడు దెబ్బల మీద పరుగెడుతుంది, ఆ తొక్కిసలాట అందుకే అంత ఊపిరాడనట్టు వినిపిస్తుంది. ఖండచాపు, మిశ్రచాపు చేతితో వేసినవాళ్లకు ఇవి కొత్త కాదు. తక, తకిట, తకధిమి ముక్కలుగా విడగొట్టి నోటితో చెప్పించండి, లెక్క పెట్టించడం కన్నా తొందరగా వస్తుంది. అయితే నొక్కు ఎక్కడ పడుతుందో రికార్డు విని సరిచూసుకోండి, అన్ని ఏడులూ ఒకేలా విడిపోవు.

రిహార్సల్స్ ఏ వరసలో చేయాలి?

బ్యాండ్ విడిగా, గాయకులు ఒక్క పియానోతో విడిగా మొదలుపెట్టాలి. ఇద్దరూ తమ పని నేర్చుకున్నాకే కలవాలి. ముందే కలిపేస్తే గాయకులు అరవడం అలవాటు చేసుకుంటారు, ఆ అలవాటు తర్వాత పోదు.

కలిశాక పాటలకన్నా పాటల మధ్య అతుకుల మీద ఎక్కువ సమయం పెట్టండి. ఒక పాట చివరి స్వరం నుంచి తర్వాతి పాట మొదటి దెబ్బ దాకా ఏం జరుగుతుంది, ఎవరు నడుస్తారు, ఎవరు మైక్ తీసుకుంటారు, కీబోర్డులో స్వరం మార్చడానికి ఎన్ని సెకన్లు కావాలి. విడిపాటల కచేరీలో చప్పట్లు ఈ ఖాళీని నింపుతాయి. కథ నడుస్తున్నప్పుడు నింపేవాళ్లు ఉండరు. ఒకరు సంగీత దర్శకుడిగా నిలబడాలి, సైగలన్నీ వాళ్లవే. బృందమంతా స్నేహితులే అయినా ఈ ఒక్క విషయంలో ఓటింగ్ వద్దు.

కచేరీకి ముందు కనీసం రెండుసార్లు ఆగకుండా మొత్తం నడిపించండి. తప్పు వచ్చినా ఆపకూడదు.

మాటలు స్పష్టంగా వినబడాలంటే సౌండ్ ఎలా పెట్టాలి?

నేను అన్నిటికన్నా పట్టుబట్టే విషయం ఇదే. ఎంత బాగా పాడినా హాలు మధ్యలో కూర్చున్న మనిషికి మాట అందకపోతే ఆ రాత్రి రాక్ మాత్రమే జరిగింది, ఒపేరా జరగలేదు.

పదాల్లో హల్లుల స్పష్టత ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్‌జ్ మధ్య ఉంటుంది. డిస్టార్షన్‌తో ధ్వని గరుకుగా చేసిన ఎలక్ట్రిక్ గిటార్లూ, కీబోర్డు బ్రాస్ స్వరాలూ, డ్రమ్స్‌లోని సింబల్స్ (కంచు పళ్లేలు) సరిగ్గా అక్కడికే వచ్చి కూర్చుంటాయి. గొంతు ధ్వని పెంచుకుంటూ పోతే స్పీకర్ శబ్దం మళ్లీ మైక్‌లోకి చేరి ఫీడ్‌బ్యాక్ కీచుమంటుంది తప్ప స్పష్టత రాదు. దారి ఇవ్వాల్సింది వాద్యాలే. గిటార్లను ఆ పరిధిలో రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. దానికన్నా ముందు, గాయకులు పాడే చోట గిటారిస్టులు తక్కువ వాయించాలి. మంచి అమరిక మిక్సర్ పనిని సగం తేలిక చేస్తుంది. గిటార్ యాంప్‌లను ప్రేక్షకుల వైపు కాకుండా పక్కకు తిప్పి, ధ్వని తగ్గించి, మైక్ పెట్టండి.

రెండో చిక్కు మైకుల సంఖ్య. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ ఫీడ్‌బ్యాక్ రాకుండా పెంచగల ధ్వని సుమారు 3 డెసిబెల్స్ పడిపోతుంది. ఒక్క మైక్‌తో పోలిస్తే ఎనిమిది మైకులు తెరిచి ఉంటే 9 డెసిబెల్స్ పోయినట్టే. నలుగురు ఉండే బ్యాండ్‌కి ఇది పెద్దగా తెలియదు, పది మంది గాయకులున్న చోట ఇదే అసలు సమస్య. పాడనివాళ్ల మైక్ ఆపాలి. అందుకని సౌండ్ ఇంజనీర్‌కి పాటల జాబితా ఒక్కటి ఇస్తే చాలదు. ఏ వాక్యానికి ఏ మైక్ తెరవాలో రాసిన స్క్రిప్ట్ ఇవ్వండి. పాటలు బాగా తెలిసిన ఒకరిని మిక్సర్ పక్కన కూర్చోబెట్టి, 'తర్వాత మరియ, ఆ తర్వాత కోరస్' అని చెప్పించండి. ఇంజనీర్‌ని చివరి రిహార్సల్స్‌కి పిలిచి, ఆ పనికి కూడా డబ్బు ఇవ్వండి.

డ్రమ్స్‌కి ఎనిమిది, వాద్యాలకు ఎనిమిది, గాయకులకు పది చానళ్లు వేసుకుంటే 26 అవుతాయి. 32 చానళ్ల డిజిటల్ మిక్సర్ ఉంటే ప్రతి పాటకు అమరిక దాచుకుని ఒక్క మీటతో తెచ్చుకోవచ్చు.

హాలు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. అది చాలాసేపు మోగుతూ ఉంటే డ్రమ్స్ పెట్టినప్పుడు పదాలు కరిగిపోతాయి. ప్రార్థనా మందిరాలు, ఎత్తైన రాతి భవనాలు చూడటానికి ఎంత బాగున్నా ఈ పనికి కష్టం. వేదిక లోతు, కరెంటు సామర్థ్యం, సామాన్లు దించే దారి కూడా అదే రోజు చూసుకోండి.

ధ్వని ఎంత ఉంటే ఎక్కువ?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం వేదికల్లో 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు. పాట మాటల మీద నడిచే కచేరీకి అంతవరకూ వెళ్లాల్సిన పనే లేదు. డ్రమ్మర్ పక్కన నిలబడేవాళ్లు రిహార్సల్స్‌లో కూడా ఇయర్ ప్లగ్స్ పెట్టుకోవాలి. చెవి ఒకసారి పోతే రాదు.

నటించాలా? దుస్తులు, లైట్లు సంగతేంటి?

ఎవరివైపు తిరిగి పాడుతున్నారో తెలిస్తే సగం నటన అయినట్టే. పాట సాగుతున్నంతసేపూ వింటున్న పాత్ర కూడా వేదిక మీద ఉండి వినాలి. నీళ్ల సీసా తీసుకోవడానికి వెనక్కి తిరగకూడదు. దుస్తుల్లో ఒక్కో పాత్రకు ఒక రంగు చాలు. పింక్ ఫ్లాయిడ్ 1980-81 ప్రదర్శనల్లో పాటలు సాగుతుండగా వేదికకు అడ్డంగా నిజంగానే పెద్ద గోడ కట్టారు. ఆ ఏర్పాటు మీకు అందదు, కానీ ఒంటరి పాటలో గాయకుడి మీద ఒక్క లైటు ఉంచి మిగతా వేదికను చీకటి చేయడం అందుతుంది. ఇవన్నీ నాటక ప్రదర్శన వైపు జరిగే అడుగులని, హక్కుల దగ్గర రాసింది వీటికీ వర్తిస్తుందని గుర్తుంచుకోండి.

కథ తెలియని ప్రేక్షకులకు ఎలా అర్థమవుతుంది?

ఒక వ్యాఖ్యాతను పెట్టండి. ప్రతి పాటకు ముందూ రెండు వాక్యాలు, అంతే. తర్వాత ఏం జరుగుతుందో చెప్పకూడదు, ఇప్పుడు ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పాలి. పదాల్ని తెర మీద చూపించడం కూడా మంచిదే, దానికీ సాహిత్యం హక్కుదారుల అనుమతి కావాలి.

కొన్ని కథల్లో విషయం ఇబ్బందిగా ఉంటుంది కదా?

ఉంటుంది. 'టామీ'లో పిల్లవాడి మీద జరిగే హింస ఉంది. 'సూపర్‌స్టార్' బ్రాడ్‌వేలో మొదలైనప్పుడు క్రైస్తవులూ యూదులూ కూడా నిరసన తెలిపారు. పోస్టర్ మీద, టికెట్ మీద విషయం ఏమిటో దాచకుండా రాయండి. బృందంలో ఎవరైనా ఫలానా పాట పాడలేనంటే కారణం అడగకుండా ఒప్పుకోండి.

వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా?

లైవ్‌గా పాడే లైసెన్సు వీడియోకు వర్తించదు, దానికి వేరే హక్కు కావాలి. గ్రాండ్ రైట్స్ ఒప్పందాల్లో రికార్డింగు నిషేధం తరచుగా ఉంటుంది. ఉత్తరం రాసేటప్పుడే ఈ ప్రశ్న కూడా చేర్చండి.

కచేరీ రోజున ప్రధాన గాయకుడి గొంతు పోతే?

ముందే ఆలోచించి ఉంటే పెద్ద ఇబ్బంది కాదు. కోరస్‌లో ఉన్నవాళ్లకు ఒక్కొక్కరికీ ఒక ప్రధాన పాత్ర అప్పగించి నేర్చుకోమనండి, కనీసం ఒక పూర్తి రిహార్సల్‌లో వాళ్లతోనే పాడించండి. వాళ్ల స్థాయికి శ్రుతి మార్చాల్సి వస్తే ఆ పేజీ కూడా బ్యాండ్ దగ్గర సిద్ధంగా ఉండాలి. ప్రధాన గాయకులు చివరి రెండు రోజులు పై స్వరాలను సగం గొంతుతోనే పాడాలి, సౌండ్ చెక్‌లో కూడా. గొంతు బొంగురుపోయి నొప్పిగా ఉంటే మందులిచ్చి పాడించొద్దు. కోరస్‌లోంచి ఆ పాత్ర నేర్చుకున్నవాళ్లని ముందుకు పిలిచి, వ్యాఖ్యాత చేత వాళ్ల పేరు గౌరవంగా చెప్పించి మొదలుపెట్టండి.